గర్భిణి దారికి పూచీ ఎవరు?

డిసెంబరు రెండో వారం దాటిందంటే మా ఇంటికొచ్చి అడిగేవాళ్ళు ఎక్కువవుతారు. మెదక్ చుట్టుపక్కల సబ్‌సెంటర్లలో ఏఎన్ఎంగా పనిచేసి రిటైరైనదాన్ని. ఉద్యోగం నన్ను వదిలినా జనం వదల్లేదు. "సిస్టరమ్మా, మా కోడలికి ఏడో నెల. పండుగకు చర్చికి తోల్కపోదామనుకుంటున్నం. పోవచ్చునా?" అని ఒకరు అడుగుతారు. శివరాత్రి దగ్గర పడితే "ఏడుపాయల దుర్గమ్మకు మొక్కున్నం, బిడ్డ కడుపుతోని ఉన్నది, బండి మీద తీస్కపోతే ఏమన్నయితదా?" అని ఇంకొకరు. రంజాన్ నెలలో మా వీధి చివరింటి ఖాలా వస్తుంది. కోడలు ఉపవాసముండి నిజామాబాదులోని పుట్టింటికి బస్సులో పోతానంటున్నదట, ఏం చెప్పమంటావని అడుగుతుంది. దేవుళ్ళు వేరైనా ప్రశ్న ఒకటే. ఆ ప్రశ్న వెనక వచ్చే మాట కూడా ఒకటే: "అంతా దేవుడే చూస్కుంటడు."

నేనూ దేవుణ్ణి నమ్మినదాన్నే. కాన్పుల గదిలో నిలబడినవాళ్ళకు మన చేతిలో లేనిది ఎంత ఉందో తెలుస్తుంది కాబట్టి ఆ మాటను తీసిపారెయ్యలేను. అన్నీ సరిగ్గా చేసినా చెయ్యి జారిపోయిన రోజులు చూశాను, ఆశ వదులుకున్న చోట బిడ్డ కేరుమన్న రోజులూ చూశాను. అయితే ఆ మాటను కొందరు ప్రార్థనగా అంటారు, కొందరు చెయ్యాల్సిన పని పక్కన పెట్టడానికి అంటారు. వినడానికి రెండూ ఒకేలా ఉంటాయి. ఆ రెండింటినీ వేరుచేసేది ఏమిటి? జాగ్రత్తపడటం విశ్వాసంలో లోటా? ఈ ప్రశ్న నన్ను చాలాకాలంగా పట్టుకుని ఉంది.

నాకు జవాబు మొదట దొరికింది మా మెదక్ చర్చి శిఖరం దగ్గర. దాని ఎత్తు 175 అడుగులు. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే వెస్లియన్ మిషనరీ 1914లో పని మొదలుపెట్టించాడు. అవి కరువు రోజులు. చుట్టుపక్కల ఊళ్ళ జనానికి పని చూపించి, తిండి పెట్టి, పదేళ్ళపాటు కట్టించాడు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. ఆ శిఖరాన్ని తలెత్తి చూసినప్పుడల్లా నాకు సువార్తలోని ఇంకో శిఖరం గుర్తొస్తుంది. అపవాది యేసును యెరూషలేము దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, దేవుని కుమారుడివైతే కిందికి దూకమంటాడు. దేవదూతలు పట్టుకుంటారని లేఖనం తీసి మరీ చూపిస్తాడు. యేసు దూకడు. దేవుణ్ణి పరీక్షించకూడదని లేఖనంతోనే జవాబు చెబుతాడు. ఈ కథలో దేవుడు కాపాడతాడని వాగ్దానం చూపించినవాడు అపవాది. నమ్మినవాడు మాత్రం దూకకుండా నిలబడ్డాడు. బీపీ ఎక్కువున్న తొమ్మిదో నెల పిల్లను బైకు వెనక కూర్చోబెట్టి, నర్సాపూర్ అడవి దాటించి హైదరాబాదులో పెళ్ళికి తీసుకుపోతూ ప్రభువు కాపాడతాడనే వాళ్ళకు నేను చెప్పేది ఈ కథే. కాపాడమని అడగడం వేరు, కాపాడతాడో లేదో చూద్దామని అంచు మీదికి పోవడం వేరు.

బైబిలు బాగా చదివినవాళ్ళు నాకు ఎదురుచెబుతారు. "మరియమ్మ పోలేదా సిస్టరమ్మా, నిండు నెలలతోని?" పోయింది. మా చర్చిలోనే ఆ జననం రంగుటద్దాల కిటికీగా ఉంది. లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ వేసిన కిటికీ అది. బయట ఎండ ఉంటేనే లోపల బొమ్మ వెలుగుతుంది. అయితే లూకా సువార్తను నిదానంగా చదివితే మరియ కడుపుతో చేసిన ప్రయాణాలు రెండు కనిపిస్తాయి. మనం క్రిస్మస్ నాటకంలో రెండోదే ఆడతాం.

మొదటిది ఆమె తనంతట తాను చేసింది. తల్లి కాబోతున్నావన్న కబురు అందిన కొద్దిరోజులకే యూదయ కొండసీమలో ఉన్న ఎలీసబెతు దగ్గరికి పోయింది. ఎలీసబెతు వయసులో పెద్దది, ఆమె కూడా కడుపుతో ఉంది. మరియ అక్కడ దాదాపు మూడు నెలలు ఉంది. ఆ దారి చివర ఒక ఇల్లుంది, అన్నం ఉంది, కడుపుతో ఉండటమంటే ఏమిటో తెలిసిన ఆడమనిషి ఉంది. రెండో ప్రయాణం కైసరు ఔగుస్తు ఆజ్ఞ మీద జరిగింది. జనం లెక్క రాయించుకోవడానికి ఎవరి ఊరికి వాళ్ళు పోవాలన్నాడు. నజరేతు నుంచి బెత్లెహేముకు ఏ దారిన పోయినా సుమారు నూటయాభై కిలోమీటర్లు. బొమ్మల్లో మనం చూసే గాడిద లూకా సువార్తలో లేదు. ఆమె నడిచిందో, దేనిమీద వచ్చిందో అందులో రాయలేదు. సత్రంలో చోటు లేదని మాత్రం లూకా రాశాడు.

మనిషి ఒక్కతే, కడుపు ఒక్కటే. ఒక ప్రయాణం మరియ పాడిన పాటతో ముగిసింది, ఇంకోటి పశువుల తొట్టి దగ్గర ముగిసింది. తేడా మరియ ధైర్యంలో లేదు, భక్తిలో లేదు. దారి చివర ఎవరున్నారన్న దానిలో ఉంది. అందుకే "మరియమ్మ పోలేదా" అన్నవాళ్ళను నేను అడుగుతాను: ఏ ప్రయాణం సంగతి చెబుతున్నావు? చక్రవర్తి చేయించిన దాన్ని ఆదర్శంగా తీసుకుంటే మనం చక్రవర్తి వైపు నిలబడ్డట్టే. బిడ్డకు ఏమీ కాకపోవడం దేవుని దయ. అంతమాత్రాన ఆ ఆజ్ఞ మంచిదైపోదు.

ఇలాంటి ప్రయాణాలున్నది ఒక్క మా గ్రంథంలోనే కాదు. మా తరం ఆడవాళ్ళలో 1963 నాటి లవకుశ సినిమా చూడనివాళ్ళు అరుదు. సీతమ్మ కడుపుతో ఉండి, గంగ ఒడ్డున ఉన్న మునుల ఆశ్రమాలు చూడాలని కోరుకుంది. కడుపుతో ఉన్నామె కోరిక తీర్చాలన్నది మన పెద్దల మాట. ఆ కోరికనే సాకు చేసుకుని లక్ష్మణుడు రథమెక్కించి తీసుకుపోయి వదిలివచ్చాడు. ఆమెను తండ్రిలా చేరదీసింది వాల్మీకి. బుద్ధుని తల్లి మాయాదేవి కపిలవస్తు నుంచి దేవదహంలోని పుట్టింటికి పోతూ దారిలో లుంబినీ వనంలో ప్రసవించిందని చెబుతారు. పురుటికి పుట్టింటికి పోవడం అంత పాత సంగతి. తర్వాతెప్పుడో అశోకుడు అక్కడికి వచ్చి రాతి స్తంభం నిలబెట్టించి, బుద్ధుడు పుట్టిన ఊరని లుంబినికి పన్ను తగ్గించాడు. ఆ శాసనం ఇప్పటికీ ఉంది. ఒక తల్లి దారిలో కన్నదానికి రాజు చూపించిన మర్యాద పన్ను తగ్గింపు కావడం నాకెంతో నచ్చుతుంది.

ఖురాన్‌లో మర్యమ్ పేరుతో ఒక సూరానే ఉంది. నొప్పులు మొదలై ఆమె ఒంటరిగా ఖర్జూరపు చెట్టు మొదలు దగ్గరికి చేరుతుంది. ఇంతకన్నా ముందే చచ్చిపోయి ఉంటే బాగుండేదని అంటుంది. అప్పుడు ఆమెకు వినిపించిన మాటల్లో ఉపదేశం కన్నా ముందు వచ్చింది నీళ్ళ సంగతి. కింద సెలయేరు ఉంది, చెట్టు ఊపితే పళ్ళు రాలుతాయి, తిను, తాగు, బెంగపడకు అన్న అర్థంలో ఉంటాయి ఆ మాటలు. నొప్పుల్లో ఉన్న మనిషికి పైనుంచి అందిన సాయం నీళ్ళు, తిండి, ధైర్యం. నా ఉద్యోగంలో నాకు నేర్పింది కూడా దాదాపు అదే. ఖాలాకు నేను చెప్పే మాట ఇంకోటి ఉంది. ప్రవక్త మాటగా ముస్లింలు చెప్పుకునే ఒక హదీసులో ప్రయాణికుడికీ, కడుపుతో ఉన్నామెకూ, పాలిచ్చే తల్లికీ ఉపవాసం నుంచి వెసులుబాటు ఉంది. ముగ్గురినీ ఒకే మాటలో చేర్చారు. వాళ్ళ కోడలు కడుపుతోనూ ఉంది, ప్రయాణంలోనూ ఉంది. ఉపవాసం తర్వాత తీర్చుకోవచ్చు. ఎలా తీర్చుకోవాలో ఇమాం సాబ్‌ను అడగమంటాను, నీళ్ళ సీసా మాత్రం బస్సెక్కక ముందే చేతిలో పెట్టమంటాను.

మా పరిచయస్తులైన ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు నాకు మనుస్మృతిలో రెండుచోట్లు చూపించారు. ఆ పుస్తకంలో ఆడవాళ్ళ గురించి నేను ఒప్పుకోలేని మాటలు చాలా ఉన్నాయి, ఆ సంగతి ఆయనకూ చెప్పాను. అయినా ఆ రెండూ మర్చిపోలేదు. రేవు దాటేటప్పుడు రెండు నెలలు నిండిన గర్భిణి దగ్గర పడవ కూలి తీసుకోకూడదని ఒకచోట ఉంది. ఇంటికి అతిథులు వచ్చినా వాళ్ళకన్నా ముందు గర్భిణికి అన్నం పెట్టాలని ఇంకోచోట ఉంది. చరకసంహితలో ఒక మాట ఉందని కూడా ఆయనే చెప్పారు. అంచుదాకా నూనె నింపిన పాత్రను తొణక్కుండా ఎలా మోస్తామో గర్భిణిని అలా చూసుకోవాలట. బాగా కుదిపే బండ్లెక్కడం గర్భానికి చేటు చేసేవాటిలో ఒకటని కూడా అందులో రాశారు. నూనె పాత్ర మాట నన్ను పట్టేసింది. అది గర్భిణికి చెప్పిన మాట కాదు, ఆమె చుట్టూ ఉన్నవాళ్ళకు చెప్పిన మాట. పడవవాడికో నియమం, ఇంటివాళ్ళకో నియమం, చూసుకునేవాళ్ళకో నియమం. చివరికి మొగుడికి కూడా ఉన్నాయి: భార్య నెలలు నిండుతున్నప్పుడు తీర్థయాత్రలకు పోకూడదని, దూరదేశం పోకూడదని పాత ధర్మశాస్త్ర గ్రంథాలు చెబుతాయి. ఆ నియమాలన్నీ మన ఊళ్ళో ఎవరికీ గుర్తులేవు. ఏరు దాటొద్దు, గ్రహణంలో బయటికి రావొద్దు, ఎనిమిదో నెలలో కదలొద్దు అన్నవి మాత్రం అందరికీ నోటికి వచ్చు, ఎందుకంటే అవి ఆమె పాటించాల్సినవి.

నా ఇంటికి వచ్చేవాళ్ళు అడిగే ప్రశ్నలో నాకు కనిపించే లోపం ఇదే. "ఈమె పోవచ్చునా?" అని అడుగుతారు. అడిగేది అత్తో మొగుడో. ఆ పిల్ల గుమ్మం దగ్గర చెప్పులు విప్పకుండా నిలబడి ఉంటుంది. నేను ముందు ఆమెనే కూర్చోమని, పోవాలని ఉందా అని అడుగుతాను. కొందరికి ఉంటుంది. పండుగ పూట చర్చిలో పాట వినాలని, తల్లిని చూడాలని కళ్ళల్లోనే తెలుస్తుంది. అలాంటప్పుడు వద్దనడానికి నేనెవరిని? కడుపుతో ఉండటం రోగం కాదు. మరియ మొదటి ప్రయాణం లాంటివి మనసుకు మంచిచేస్తాయి. కొందరు తల వంచుకుని, వాళ్ళు మొక్కుకున్నారు కదా అంటారు. మొక్కు మొక్కుకున్నది ఒకరు, మోసేది ఇంకొకరు. అలాంటి మొక్కును దేవుడు అడగడని నేను గట్టిగానే చెబుతాను. వానాకాలంలో సింగూరు ప్రాజెక్టు గేట్లెత్తితే మంజీర పొంగి ఏడుపాయల గుడి చుట్టూ, గుడిలోకీ నీళ్ళొస్తాయి. అప్పుడు పూజారులు ఉత్సవమూర్తిని రాజగోపురంలో పెట్టి అక్కడే పూజలు చేస్తారు. సాక్షాత్తూ అమ్మవారి పూజే నీళ్ళను చూసి చోటు మార్చుకుంటుంది. ఒక మొక్కు నాలుగు నెలలు ఆగితే అమ్మవారు కోపం చేసుకుంటుందా?

పోవాలనుకున్నవాళ్ళకు నేను చెప్పేవి ఇప్పుడు చెబుతాను. నాలుగో నెల నుంచి ఏడో నెల దాకా, డాక్టర్ల లెక్కలో 14వ వారం నుంచి 28వ వారం దాకా, ప్రయాణానికి అన్నిటికన్నా అనువైన కాలం. వాంతులు తగ్గి ఉంటాయి, పొట్ట మరీ బరువై ఉండదు. ఐదులోనో ఏడులోనో ఒడి నింపి పుట్టింటికి తోలుకుపోయే మన ఆచారం ఇంచుమించు ఈ కాలంలోనే పడుతుంది. మాయ కిందికి ఉందని స్కానింగులో చెప్పినవాళ్ళు, బీపీ ఉన్నవాళ్ళు, రక్తం మరీ తక్కువున్నవాళ్ళు, ముందు కాన్పు నెలలు నిండక ముందే అయినవాళ్ళు, కవలలున్నవాళ్ళు డాక్టరును అడక్కుండా దూరం పోకూడదు. విమానం ఎక్కాల్సి వస్తే 28 వారాలు దాటాక చాలా సంస్థలు డాక్టరు సర్టిఫికెట్ అడుగుతాయి, 36 దాటితే చాలావరకు ఎక్కించుకోవు. కారులో సీటుబెల్టు కింది పట్టీ పొట్ట మీద కాదు, పొట్ట కింద తుంటి ఎముకల మీదుగా రావాలి. పై పట్టీ రొమ్ముల మధ్యనుంచి పోవాలి. పొట్టకు ఒత్తిడి అని బెల్టే పెట్టుకోనివాళ్ళున్నారు, అది ప్రమాదం. కడుపుతో ఉన్నప్పుడు రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది. కాళ్ళు వేలాడేసి గంటలకొద్దీ కదలకుండా కూర్చుంటే పిక్కల్లో గడ్డలు ఏర్పడొచ్చు. గంటన్నరకో రెండు గంటలకో లేచి నాలుగడుగులు వెయ్యాలి. 2022లో మెదక్‌కు రైలు వచ్చాక ఆ వెసులుబాటు కొంత దొరికింది. టూవీలరు మీద పక్కకు తిరిగి కూర్చుని గుంతల రోడ్డు మీద పోవడం నాకు ఏ నెలలోనూ ఇష్టం ఉండదు.

తల్లీబిడ్డల రక్షణ కార్డు ఇంట్లో బీరువాలో దాచడానికి కాదు, చేతిసంచిలో ఉండటానికి. అందులో రక్తం గ్రూపు, బీపీ, హిమోగ్లోబిన్, సూదులు అన్నీ ఉంటాయి. తెలియని ఊళ్ళో తెలియని డాక్టరుకు ఆ కార్డే మీ తరఫున మాట్లాడుతుంది. రక్తం కనిపించినా, ఉమ్మనీరు కారినా, తలనొప్పి తగ్గకున్నా, కళ్ళు మసకబారినా, ముఖం, చేతులు ఉబ్బినా, బిడ్డ కదలిక తగ్గినా, ప్రార్థనైనా దర్శనమైనా మధ్యలో ఆపి ఆసుపత్రికి పోవాలి.

నీళ్ళ సంగతి దగ్గర నేను ఆగుతాను, ఎందుకంటే నన్ను బాధపెట్టేది ఇదే. ప్రయాణంలో ఆడవాళ్ళు నీళ్ళు తాగరు. దాహం లేక కాదు, దారిలో మూత్రానికి పోయే చోటు లేక. పొద్దున ఇంట్లో బయల్దేరి సాయంత్రం దాకా పెదవులు తడుపుకుని సరిపెట్టుకుంటారు. కడుపుతో ఉన్నామెకు మామూలుగానే మూత్రంలో ఇన్ఫెక్షన్ త్వరగా వస్తుంది. నీళ్ళు తక్కువై, వచ్చిన మూత్రం ఆపుకుంటే ఆ ముప్పు పెరుగుతుంది. అది ముదిరితే జ్వరం, చలి, ఒక్కోసారి నెలలు నిండని కాన్పు. జాతరకు పోయివచ్చాక చలిజ్వరంతో సబ్‌సెంటర్‌కు వచ్చిన గర్భిణులను చూశాను. ఇంట్లోవాళ్ళు దిష్టి అన్నారు, గాలి సోకిందన్నారు. సోకింది దాహం. క్రిస్మస్ నాడు మా చర్చికి తెల్లవారుజామున నాలుగున్నర ఆరాధనకే జనం కిక్కిరుస్తారు. ముందురోజే వచ్చి ఆవరణలో దుప్పటి పరుచుకుని పడుకుంటారు. డిసెంబరులో మెదక్ చలి సంగతి తెలిసిందే. ఆ జనంలో కడుపుతో ఉన్నవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. వాళ్ళకు చర్చిలో కావాల్సిన మొదటి వసతి మైకు కాదు, శుభ్రమైన మరుగుదొడ్డి. దీన్ని చిన్న సంగతి అనుకునేవాళ్ళతో నేను వాదిస్తాను. భక్తురాలి దాహాన్ని పట్టించుకోని చోటు ఎంత అందంగా కట్టినా అక్కడ ఏదో తక్కువైనట్టే.

బస్సు సంగతీ అంతే. 2023 డిసెంబరు 9 నుంచి మన రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు. పాత రేవు నియమం మళ్ళీ వచ్చినట్టయిందని నేను సంతోషించాను. పరీక్షలకు జిల్లా ఆసుపత్రికి రావడానికి చార్జీలకు వెనకాడే పిల్లలు ఇప్పుడు ధైర్యంగా ఎక్కుతున్నారు. కానీ బస్సులు నిండిపోయి, ఏడో నెల పొట్టతో కడ్డీ పట్టుకుని నిలబడేవాళ్ళను కూడా చూస్తున్నాను. ప్రభుత్వం టికెట్ ఇచ్చింది. సీటు ఇవ్వాల్సింది కూర్చున్నవాళ్ళు. ఆ నిమిషంలో మతమేదైనా మనం నేర్చుకున్నది ఎంతో బయటపడుతుంది.

ఇంకో మాట చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. మొదటి మూడు నెలల్లో గర్భం పోతే "ఆ రోజు బస్సెక్కావు కదా, అందుకే" అని ఆ పిల్లను ఏళ్ళతరబడి అంటూనే ఉంటారు. తొలి నెలల్లో పోయే గర్భాల్లో సగం దాకా పిండంలోని క్రోమోజోముల లోపం వల్ల పోతాయని వైద్యశాస్త్రం చెబుతోంది. ఆమె మంచం దిగకపోయినా అవి నిలిచేవి కావు. పాపమని, కర్మమని, దేవుని శిక్ష అని పేరుపెట్టే ముందు అది తెలుసుకోవాలి. జాగ్రత్త గురించి ఇంత చెబుతున్నదాన్ని కాబట్టే ఇదీ చెబుతున్నాను: జాగ్రత్త అంటే రేపటికి చెయ్యగలిగింది చెయ్యడం. జరిగిపోయినదానికి ఒక ఆడపిల్లను బోనులో నిలబెట్టడానికి దాన్ని వాడుకోకూడదు. బైబిల్లో యోబు స్నేహితులు చేసిన తప్పు అదే. బాధలో ఉన్నవాడి పక్కన కూర్చుని కారణాలు వెతికారు. చివరికి దేవుడు వాళ్ళ మాటలనే తప్పుపట్టాడు.

ఇష్టంతో పోయేవాళ్ళ గురించి, మొక్కుతో పోయేవాళ్ళ గురించి చెప్పాను. గతిలేక పోయేవాళ్ళూ ఉన్నారు. నారాయణఖేడ్ వైపు తండాల నుంచి చెరకు కొట్టడానికి ఏటా కుటుంబాలు కదులుతాయి, కడుపుతో ఉన్న కోడలు కూడా కదులుతుంది. 2020 లాక్‌డౌన్‌లో 44వ నంబరు జాతీయ రహదారి మన జిల్లా మీదుగా తూప్రాన్, రామాయంపేట దాటి ఉత్తరానికి నడిచే వలస కూలీలతో నిండిపోయింది. ఆ మే నెల మొదటి వారంలో, హైదరాబాదు నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని సొంతూరికి నడిచిపోతున్న ఒక నిండు గర్భిణి నార్సింగి దగ్గర ఆ రోడ్డు పక్కనే ప్రసవించింది. తర్వాత తల్లినీ బిడ్డనూ రామాయంపేట ఆసుపత్రికి చేర్చారు. ఆ వార్త చదివిన రోజు నేను బెత్లెహేము కథ ఉన్న లూకా సువార్త రెండో అధ్యాయం తీయలేదు, తీయాల్సిన అవసరం కనిపించలేదు. ఆమెను "ప్రయాణం చెయ్యొచ్చునా" అని ఎవరడిగారు? ఆమె జాగ్రత్తపడలేదని ఎవరనగలరు? పని ఆగింది, కూలి ఆగింది, బస్సు ఆగింది, కడుపు మాత్రం ఆగలేదు.

ఆ తల్లి గుర్తొచ్చినప్పుడు నా పాత ప్రశ్న నాకు సరిగా అర్థమైంది. దేవుడు చూసుకుంటాడన్న మాట నిజమే. అయితే ఆయన చూసుకునేది మనుషుల చేతుల మీదుగా. ఎలీసబెతు ఇల్లు, వాల్మీకి ఆశ్రమం, కూలి అడగని పడవ, నార్సింగి రోడ్డు దగ్గరికి వచ్చిన ఆసుపత్రి బండి. ఆ చేతులను పక్కన పెట్టి ఆయన్ను నేరుగా దిగిరమ్మనడం విశ్వాసం కాదు, శిఖరం మీద అపవాది చెప్పిన పాఠమే. ఇదంతా గర్భిణి ఒక్కతే మొయ్యాల్సిన జాగ్రత్త కూడా కాదు. దారికి పూచీ దారిలో ఉన్న అందరిదీ.

ఒక్కోసారి ఆ దారే ఉండదు. 2025 ఆగస్టు చివరి వానలకు పోచారం దగ్గర మెదక్–ఎల్లారెడ్డి దారి తెగిపోయింది. వానాకాలంలో నెలలు నిండేవాళ్ళు వాగు అవతలి ఊళ్ళలో ఉంటే, తేదీకి వారం పది రోజుల ముందే ఆసుపత్రి ఉన్న ఊళ్ళో చుట్టాలింటికి చేరడం మంచిది. ఆ నాలుగు రోజులు చోటిచ్చే చుట్టం పెద్ద పుణ్యం చేసుకున్నట్టే.

మా చర్చి కమిటీ పెద్దలకు, ఏడుపాయల దేవస్థానం వారికి, జాతర ఏర్పాట్లు చూసే అధికారులకు నా విన్నపం ఒకటే. వచ్చే పండుగకు గర్భిణుల కోసం ఒక గది కేటాయించండి. అందులో రెండు మంచాలు, కాచి చల్లార్చిన నీళ్ళు, పక్కనే మరుగుదొడ్డి, బీపీ చూడగలిగే ఒక నర్సు ఉంటే చాలు. దర్శనానికైనా ఆరాధనకైనా వాళ్ళను వరుసలో నిలబెట్టకుండా ముందుకు పంపండి. ఆ గది ఎక్కడుందో మైకులో గంటకోసారి చెప్పండి. పిలిస్తే నర్సులం, రిటైరైనవాళ్ళం, వంతులవారీగా వచ్చి కూర్చుంటాం. కడుపుతో ఉన్నామెను వెంటబెట్టుకుని వచ్చేవాళ్ళు ఆమె కార్డు, మందులు, నీళ్ళ సీసా తెచ్చారో లేదో ఇంటి దగ్గరే చూసుకోండి. ప్రాణం మీదికొస్తే 108, పరీక్షలకూ కాన్పుకూ రానూపోనూ 102, రెండూ ఉచితం. బయల్దేరే ముందు ఆ రెండు నంబర్లూ ఆమెకే కాదు, ఇంట్లో అందరికీ నోటికి వచ్చి ఉండాలి.